పియానో సర్వీసు వివరాలు ఎలా రాసుకుంటున్నారు, ఇంటివారికి ఎప్పుడు గుర్తు చేస్తున్నారు?

బొల్లారం_శ్రుతి:

అందరికీ నమస్కారం. నేను సికింద్రాబాద్‌లో ఉంటూ జంటనగరాల్లో పియానోలు శ్రుతి చేస్తున్నాను. ఈ పని మా మేనమామ దగ్గర నేర్చుకున్నాను. ఆయన రెండేళ్ల క్రితం కాలం చేశారు. ఆయన పనిముట్లతో పాటు 11 నోటు పుస్తకాలు నా చేతికి వచ్చాయి. వాటిలో ఇంటివారి పేరు, ఇంటి గుర్తు, పుచ్చుకున్న డబ్బు తప్ప పియానో సంగతి దాదాపు ఎక్కడా లేదు. ఉదాహరణకు ఒక పేజీలో 'మారేడ్‌పల్లి, వేప చెట్టు ఇల్లు, కుక్క ఉంది, వెనక గేటు, 350' అని మాత్రమే ఉంది. ఆ వాద్యం ఏ కంపెనీదో, శ్రుతి ఎంత దిగి ఉండేదో, ఏ తీగ ఎప్పుడు తెగిందో అన్నీ ఆయన తలలోనే ఉండేవి, ఆయనతోనే పోయాయి.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. వెళ్ళిన ప్రతిసారీ ఏమేమి రాసుకోవాలన్నది మొదటిది. రెండోది నాకు ఇంకా ఇబ్బందిగా ఉంది. ఇంటివారికి సర్వీసు గడువు వచ్చిందని గుర్తు చేయడానికి ఫోన్ తీస్తే, పని అడుక్కుంటున్నట్టు అనిపించి మళ్ళీ పెట్టేస్తున్నాను. మామయ్య ఏనాడూ ఎవరికీ ఫోన్ చేయలేదు, వాళ్ళే పిలిచేవారు. ఇప్పుడు వాళ్ళ దగ్గర ఉన్నది మామయ్య నంబరే, అది మోగదు. అనుభవం ఉన్నవారు ఎలా చేస్తున్నారో వివరంగా రాయగలరు.

మద్రాసు_మెట్లు:

బొల్లారం గారూ, ముందుగా ఒక మాట, ఆ పుస్తకాలను పారేయకండి. 'కుక్క ఉంది, వెనక గేటు' అన్న ముక్క విలువ కరిచాక గానీ తెలియదు. అయితే అది మనుషుల పద్దు, వాద్యం పద్దు కాదు. నేను చెన్నైలో 26 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, మొదటి పదేళ్లు నేనూ అచ్చం మీ మామయ్యగారి లాగే రాసుకున్నాను.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా చేతికి పని చెప్పే ముందు రెండు పనులు చేస్తాను. మొదట, పియానో పక్కన హైగ్రోమీటరు పెట్టి, వాళ్ళిచ్చిన కాఫీ తాగేంతసేపు దాని మానాన దాన్ని వదిలేసి, గాలిలో తేమ ఎంత శాతం ఉందో రాసుకుంటాను. తరువాత, తీగలను బిగించే ఒక్క పిన్ను కూడా తిప్పకముందే శ్రుతి ఎక్కడ ఉందో కొలుస్తాను. ఎడమ నుంచి 49వ మెట్టు, అంటే 440 ఉండవలసిన 'ఏ' స్వరం, ఎన్ని సెంట్లు దిగిందో లేదా ఎక్కిందో రాస్తాను. దానితో పాటు, రాగి చుట్టిన మంద్ర తీగలు అయిపోయి మామూలు ఉక్కు తీగలు మొదలయ్యే చోట ఒక మెట్టు, పైన ఇంకొక మెట్టు కూడా కొలుస్తాను. అన్నిటికంటే ఎక్కువ కదిలేది ఆ నడిమి భాగమే కాబట్టి, 49వ మెట్టు ఒక్కటే చూస్తే అసలు కథ తెలియదు. (కొత్తవారి కోసం చెబుతున్నాను, పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒకటి సెంటు.)

ఈ రెండు అంకెలూ ఎందుకంటే, శ్రుతి తప్పడానికి ముఖ్య కారణం వాయించడం కాదు, తేమ. తీగల మోతను పెంచే సౌండ్‌బోర్డు పలుచని స్ప్రూస్ చెక్క, కాస్త పైకి ఉబ్బి ఉంటుంది. తేమ పీల్చినప్పుడు ఆ ఉబ్బు పెరిగి, బ్రిడ్జిని (తీగలు ఆనే చెక్కపట్టీని) తీగల మీదికి నెట్టి శ్రుతిని ఎక్కిస్తుంది. గాలి ఎండినప్పుడు ఆ ఉబ్బు తగ్గి శ్రుతి దిగుతుంది. సుమారు 220 తీగలు, అన్నీ కలిపి 18 నుంచి 20 టన్నుల లాగుడు ఉన్న వాద్యంలో చెక్క వెంట్రుకవాసి కదిలినా చెవికి తెలుస్తుంది. నాలుగైదు సర్వీసుల అంకెలు ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే, ఈ పియానో వాతావరణానికి ఊగుతోందా, లేక పిన్‌బ్లాకు, అంటే పిన్నులు దిగగొట్టిన చెక్క, పట్టు వదిలి ప్రతిసారీ ఒకే వైపు దిగిపోతోందా అన్నది చూడగానే తెలుస్తుంది. ఊగేదానికి తేమ కట్టడి చాలు, దిగిపోయేదానికి లావు పిన్నులు వేయాలి. ఆ రెంటికీ ఖర్చులో ఉన్న తేడా మీకు తెలిసిందే.

ఒకసారి రాస్తే చాలేవి కూడా కొన్ని ఉన్నాయి. కంపెనీ, మోడలు, సీరియల్ నంబరు, పియానో ఏ గోడకు ఆనించి ఉంది, ఏసీ గాలి నేరుగా తగులుతుందా, కిటికీ ఎండ పడుతుందా, పిన్నుల సైజు ఎంత, ఏయే తీగలు మార్చాం అన్నవి రాసి పెట్టుకోండి. సీరియల్ నంబరు ఉంటే తయారైన సంవత్సరం దొరుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, చేయకూడదని నిర్ణయించినది కూడా రాయండి. ఒక చర్చిలో వందేళ్లు దాటిన జర్మన్ పియానో ఉంది. నేను వెళ్ళేసరికి 60 సెంట్లు దిగి ఉంది, అంటే 440 ఉండవలసినది 425 దగ్గర పలుకుతోంది. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి, పైకి లాగితే తెగుతాయి. పెద్దలతో మాట్లాడి, శ్రుతిని 425 దగ్గరే ఉంచి, స్వరాల మధ్య సరిచేశాను. ఆ సంగతి కార్డు మీద రాసి పియానో లోపల పెట్టాను కానీ, మరుసటి ఏడాది నేను ఊళ్ళో లేనప్పుడు వచ్చిన కుర్రవాడు ఆ కార్డు చదవకుండా 440కి ఎక్కించబోయి, క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు మూడు తీగలు తెంపాడు. అప్పటి నుంచి అలాంటి మాటలు ఎర్ర సిరాతో రాస్తున్నాను.

డల్లాస్_ట్యూనర్:

మాది ఖమ్మం జిల్లా, 14 ఏళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడ పియానో టెక్నీషియన్స్ గిల్డ్ అని 1957 నుంచి ఉన్న సంఘంలో సభ్యుణ్ణి. పద్దు గురించి మద్రాసు గారు చెప్పిన దానికి నేను కలిపేది తక్కువే కాబట్టి గుర్తు చేయడం గురించి రాస్తాను.

ఇక్కడ మాకు 'అడుక్కోవడం' అన్న బెరుకు లేకపోవడానికి కారణం మేమేదో మొండివాళ్ళం కావడం కాదు, ఇంటివారే దాన్ని మా పనిలో భాగమనుకోవడం. పళ్ళ డాక్టరు దగ్గర నుంచి, కారు ఆయిల్ మార్చేవారి దగ్గర నుంచి అలాంటి సందేశాలు వాళ్ళకు వస్తూనే ఉంటాయి. పని ముగించి పనిముట్లు సర్దుకుంటూనే తరువాతి తేదీ మాట్లాడుకుంటాం. అప్పుడే పియానో చక్కగా పలుకుతూ ఉంటుంది కాబట్టి 'మళ్ళీ ఎప్పుడు' అన్న ప్రశ్న వాళ్ళే అడుగుతారు. ఆ క్షణం దాటితే అయిదు నెలల తరువాత మనం వేసే ప్రశ్న చల్లారిన కూడు లాంటిది.

నేను వాడేది గెజెల్ అనే సాఫ్ట్‌వేరు. అది పియానో సర్వీసు చేసేవారి కోసమే తయారైంది. దానిలో ఇంటివారు ఒక ఖాతా, పియానో ఇంకొక ఖాతా. ఇల్లు మారినా, పియానో చేతులు మారినా చరిత్ర వాద్యంతోనే నడుస్తుంది. సర్వీసు గడువు పియానోకు కడతాం, మనిషికి కాదు. గడువు దగ్గర పడగానే ఈమెయిలు, సమాధానం లేకపోతే రెండు వారాలకు ఇంకొకటి వెళ్తాయి. ఆ తరువాత ఒక్కసారి నేనే ఫోన్ చేస్తాను. మూడోదానికీ పలకకపోతే 'ఆపు' అని గుర్తు పెట్టి ఏడాది దాకా వాళ్ళ జోలికి వెళ్ళను. ఫోన్‌కు సందేశాలు పంపడానికి మాత్రం ముందే అనుమతి రాయించుకుంటాను. ఇక్కడ 1991 నాటి చట్టం ఒకటి ఆ విషయంలో గట్టిగా ఉంటుంది.

సాఫ్ట్‌వేరు ఖర్చు వద్దనుకుంటే, మా గురువుగారి చెక్కపెట్టె పద్ధతి ఉంది. మూడు అంగుళాలు, అయిదు అంగుళాల కార్డులు, వాటి మధ్య 12 నెలల పేర్లు రాసిన అడ్డు అట్టలు. పియానోకు ఒక కార్డు. ఈ రోజు సర్వీసు చేసి, మళ్ళీ ఆగస్టులో చేయాలనుకుంటే ఆ కార్డును ఆగస్టు అట్ట వెనక పెట్టేస్తారు. ఒకటో తేదీన ఆ నెల అట్ట వెనక ఉన్నవన్నీ తీసి ఫోన్లు చేస్తారు. ఆయన దగ్గర ఆరు వందల పియానోలు ఆ పెట్టెలోనే ఉండేవి, కరెంటు పోయినా పనిచేసేది.

విశాఖ_తీరం:

డల్లాస్ గారి పద్ధతి బాగుంది కానీ దాన్ని యథాతథంగా ఇక్కడికి తేవడం మీద నాకు అభ్యంతరం ఉంది. సాఫ్ట్‌వేర్లన్నీ 'ఆరు నెలలు' అనే ఒక్క మాట మీద నడుస్తాయి. యమహా వారు ఏడాదికి కనీసం రెండుసార్లు చేయించమంటారు, స్టైన్‌వే వారు మూడు నాలుగుసార్లు అంటారు, వాటితో నాకు పేచీ లేదు. ఏ రెండుసార్లు అన్నదే ప్రశ్న. క్యాలెండరులో ఆరు గడులు లెక్కపెట్టి ఫోన్ చేస్తే, ఊరి వాతావరణంతో నిమిత్తం లేకుండా చేసినట్టే.

మా ఊళ్ళో తేమ ఏడాది పొడుగునా ఎక్కువే ఉంటుంది కాబట్టి శ్రుతి మీ హైదరాబాదులో ఊగినంత ఊగదు. మాకు అసలు శత్రువులు తుప్పు, ఫెల్టు ఉబ్బి మెట్లు అతుక్కుపోవడం, చెదలు. అందుకని నా పద్దులో శ్రుతి గడి కంటే 'తీగల స్థితి' గడి పెద్దది. సముద్రం నుంచి ఎంత దూరం, కిటికీ ఎటు తెరుచుకుంటుంది అన్నవి కూడా రాస్తాను. లోపల తేమ తగ్గించే వెచ్చని కడ్డీ బిగించిన ఇళ్ళలో దానికి ఇంకొక వరుస ఉంటుంది. బీచ్ రోడ్డు వైపు ఒక ఇంట్లో కడ్డీ బిగించాక కూడా మెట్లు అతుక్కుంటున్నాయంటే వెళ్ళి చూశాను. కడ్డీ ప్లగ్గు తీసేసి ఆ సాకెట్టులో ఫోన్ ఛార్జరు పెట్టారు. ఎన్నాళ్ళ నుంచని అడిగితే ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి నేను పంపే కబురులో మొదటి వాక్యం 'పియానో కింద ప్లగ్గు పెట్టి ఉందో లేదో ఒకసారి చూడండి' అని ఉంటుంది. సగం మందికి సర్వీసు కంటే ఆ వాక్యమే ఎక్కువ పనికి వస్తుంది.

బొల్లారం_శ్రుతి:

విశాఖ తీరం గారి మాట నాకు సరిగ్గా తగిలింది. నిరుడు మే నెల చివర, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, ఒక ఇంట్లో శ్రుతి చేశాను. గాలిలో తేమ 26 శాతం అని ఫోన్‌లో ఎక్కడో రాసుకున్నాను. జూన్ ఆఖరుకు వాళ్ళే ఫోన్ చేసి, నెల కూడా తిరగలేదు, అప్పుడే పాడైంది, మీరేం చేసినట్టు అని అడిగారు. వెళ్ళి చూస్తే నడిమి భాగం 13 సెంట్లు ఎక్కి ఉంది. డబ్బు తీసుకోకుండా మళ్ళీ చేసి వచ్చాను కానీ, తప్పు నా చేతిదా, వానదా అన్నది వాళ్ళకు విడమరచి చెప్పలేకపోయాను. మరి మా ఊరికి ఏ నెలలు తగినవి?

మద్రాసు_మెట్లు:

తప్పు మీ చేతిది కాదు, మీరు వెళ్ళిన తేదీది. ఎండ పరాకాష్ఠలో చేసిన శ్రుతి మృగశిర చినుకులు పడగానే కదలడం మొదలవుతుంది. హైదరాబాదుకు నా అంచనా ఇది, అక్కడ నాలుగేళ్లు పని చేసిన అనుభవంతో చెబుతున్నాను. తొలకరి వచ్చిన వెంటనే వద్దు. చెక్క తేమ పీల్చి ఒక స్థితికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి జులై మూడో వారం తరువాత, పుష్యమి కార్తె ప్రాంతంలో ఒకసారి చేయండి. అది దసరా దాకా చక్కగా నిలుస్తుంది. రెండోది శివరాత్రి వెళ్ళాక. చలి శివశివా అని వెళ్ళిపోయి గాలి ఎండుతున్న కాలం అది, అప్పటికే చాలా వరకు దిగి ఉంటుంది కాబట్టి వేసవి సంగీత తరగతులకు సరిపోతుంది. మే నెలలో మాత్రం పరీక్షో, కచేరీయో ఉంటే తప్ప వెళ్ళకండి. వెళితే, వానలు పడ్డాక కదులుతుందని ముందే చెప్పి, చెప్పినట్టు పద్దులో రాసుకోండి.

అంటే రెండు సర్వీసుల మధ్య ఒకవైపు అయిదు నెలలు, ఇంకొకవైపు ఏడు నెలలు వస్తాయి. సాఫ్ట్‌వేరుకు నచ్చకపోవచ్చు.

డల్లాస్_ట్యూనర్:

సాఫ్ట్‌వేరును అనకండి, తేదీ మార్చుకునే వీలు అందులో ఉంది, మనమే బద్ధకించి మార్చం. ఇక్కడా అదే తంతు. శీతకాలంలో ఇంట్లో హీటరు నడిచి గాలి ఎండి శ్రుతి దిగుతుంది, వేసవి వస్తే ఎక్కుతుంది. హీటరు పెట్టిన మొదటి వారంలోనే రమ్మని పిలిచేవారికి మూడు వారాలు ఆగమని చెప్పి, పని వదులుకున్న సందర్భాలూ ఉన్నాయి.

పియానో_ఉన్న_ఇల్లు:

నేను ట్యూనరును కాను, విజయవాడలో పియానో ఉన్న ఒక గృహిణిని. మా అమ్మాయి ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడు పరీక్షలకు తయారవుతోంది. ఇంటివైపు నుంచి రెండు మాటలు చెప్పవచ్చా?

మా ఇంటికి ఇదివరకు వచ్చే ఒకాయన పని బాగానే చేసేవారు కానీ, సంక్రాంతికి, ఉగాదికి, స్నేహితుల దినోత్సవానికి కూడా పియానో బొమ్మతో శుభాకాంక్షలు పంపేవారు. పండుగ సందేశం కింద చిన్న అక్షరాల్లో సర్వీసు మాట ఉండేది. కొన్నాళ్లకు ఆయన సందేశాలు చప్పుడు చేయకుండా ఉండేలా పెట్టేశాను. నిజంగా సర్వీసు గడువు వచ్చినప్పుడు ఆయన పంపినది కూడా అందులోనే కలిసిపోయింది. పరీక్షకు వారం ముందు పాప వాయిస్తుంటే పక్కనున్న టీచరు ముఖం చిట్లించాక గానీ నాకు గుర్తు రాలేదు. అప్పుడు ఫోన్ చేస్తే ఆయనకు తీరిక లేదు.

నాకు కావలసింది ఏడాదికి రెండే రెండు సందేశాలు. వాటిలో పోయినసారి ఏం చేశారో, ఇప్పుడు ఎందుకు చేయాలో రెండు ముక్కలు ఉంటే చాలు. అలా రాస్తే అడుక్కుంటున్నట్టు మాకెవరికీ అనిపించదు, మా వస్తువు సంగతి మాకంటే బాగా ఒకరు గుర్తు పెట్టుకున్నారనిపిస్తుంది. ఇంకొకటి, పిల్లల పరీక్ష ఏ నెలలో ఉందో అడిగి మీ పద్దులో రాసుకోండి. మేము చెప్పడం మరిచిపోతాం.

మద్రాసు_మెట్లు:

అమ్మా, మీ మాటలు కాగితం మీద రాసి నా పెట్టె మూతకు అంటించుకున్నాను.

బొల్లారం గారూ, నేను పంపే సందేశం ఒకటి ఇక్కడ పెడుతున్నాను, మీకు పనికి వస్తే మార్చుకోండి. 'నమస్కారం అమ్మా. మార్చి 4న మీ పియానో శ్రుతి చేసినప్పుడు గదిలో తేమ 58 శాతం ఉంది, శ్రుతి 9 సెంట్లు దిగి ఉంటే సరిచేశాను. కుడివైపు పెడలు కిర్రుమంటుంటే నూనె వేశాను, మళ్ళీ వస్తోందేమో చూడండి. మళ్ళీ చేయవలసిన సమయం ఈ నెలలో వస్తుంది. మీకు 18, 20, 21 తేదీల్లో ఏది వీలో చెప్పండి. ఇప్పుడు వద్దనుకుంటే వద్దు అని ఒక్క మాట రాయండి, మళ్ళీ ఏడాదికి గానీ అడగను.' ఇంతే.

ఇందులో పెడలు వాక్యానికే సమాధానాలు ఎక్కువ వస్తాయి. వాళ్ళ పియానోకు తప్ప ఇంకెవరి పియానోకూ సరిపోని వాక్యం ఒకటి ఉంటే, అది టోకున పంపింది కాదని చదివేవారికి తెలుస్తుంది. ఆ వాక్యం రాయాలంటే పోయినసారి పద్దు రాసి ఉండాలి.

వాట్సాప్‌లో ఒకేసారి అందరికీ పంపుదామని నేనూ చూశాను. ఆ జాబితాలో 256 మందికి మించి పట్టరు. పైగా మన నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే అది చేరుతుంది. బొల్లారం గారి విషయంలో వాళ్ళు దాచుకున్నది మామయ్యగారి నంబరు కాబట్టి ఒక్కరికీ చేరదు. టోకు ఎస్ఎంఎస్‌లకు 2018 నాటి ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల కింద పేరూ, సందేశం నమూనా నమోదు చేయించుకోవాలి, మన బోటి ఒంటరి పనివాళ్ళకు అది దండగ. ఒక్కొక్కరికీ విడిగా రాయడమే మేలు, రోజుకు అయిదు రాస్తే నెలలో అందరూ అయిపోతారు.

విశాఖ_తీరం:

సెంట్లు, శాతాలు ఇంటివారికి చెప్పడం మీద మాత్రం నేను ఏకీభవించను. ఒకాయన నేను రాసిన '9 సెంట్లు' చూసి, వంద సెంట్లలో తొమ్మిదే కదా, 91 శాతం బాగానే ఉందన్నమాట, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. నేను అంకెలు నా దగ్గర ఉంచుకుని, వాళ్ళకు మాటల్లోనే చెబుతాను.

తెనాలి_హార్మోనియం:

నేను హార్మోనియాలు బాగు చేస్తాను, మా సంగతి కొంచెం వేరు. గాలికి మోగే ఇత్తడి రీడు పియానో తీగలా లాగుడు మీద ఉండదు కాబట్టి వానకూ ఎండకూ అంతగా కదలదు, దుమ్ము చేరి మూగబోవడం, తిత్తి కారడం మా తిప్పలు. మేము ఎవరికీ గుర్తు చేయనక్కరలేదు. ధనుర్మాసం, శ్రీరామనవమి మాకు బదులు గుర్తు చేస్తాయి, భజన సమాజాలవాళ్ళు పది రోజుల ముందే పెట్టెలు మోసుకుని వస్తారు. పద్దు మాత్రం పెట్టె లోపలే. తిత్తి వెనక చెక్క మీద పెన్సిలుతో తేదీ, చేసిన పని రాస్తాం. మా నాన్నగారు రాసిన గీతలు 1960ల నాటివి ఇప్పటికీ నా బల్ల మీదికి వస్తుంటాయి.

డల్లాస్_ట్యూనర్:

తెనాలి గారు చెప్పిన అలవాటు పియానోవాళ్ళకూ ఉంది. పాతవారు మొదటి మెట్టు ఊడదీసి దాని పక్క చెక్క మీద పెన్సిలుతో తేదీ రాసేవారు, ఇనుప చట్రం మీద సుద్దముక్కతో రాసినవీ కనబడతాయి. బొల్లారం గారూ, మీ మామయ్యగారి పుస్తకాల్లో లేనిది మెట్ల మీద దొరకవచ్చు, ఒకసారి చూడండి.

జపాన్ నుంచి వచ్చిన పాత యమహాలు, కవాయిలు మన దేశంలోనూ చాలా ఉన్నాయి. వాటి పై మూత కిందో, ముందు పలక వెనకో ఒక చిన్న కార్డు ఉంటుంది. అక్కడి ట్యూనర్లు వచ్చిన ప్రతిసారీ తేదీ రాసి ముద్ర వేస్తారు. సంవత్సరం తరచుగా వాళ్ళ చక్రవర్తుల లెక్కలో ఉంటుంది. షోవా అని ఉంటే 1925 కలపాలి, హేసే అని ఉంటే 1988 కలపాలి. ఒక తెలుగు కుటుంబం ఇక్కడ దుకాణంలో పాత యమహా యూ3 చూసి, కొనాలా వద్దా అని నన్ను తీసుకువెళ్ళింది. ఏటా శ్రుతి చేయించిన పియానో అని దుకాణదారు చెప్పాడు. లోపల కార్డు తీస్తే షోవా 54 నుంచి ఏడాదికొకటి చొప్పున ముద్రలు వరుసగా ఉన్నాయి, హేసే 6తో ఆగిపోయాయి. అంటే 1979లో మొదలై 1994లో ఆగింది. ఆ ఇంట్లో అమ్మాయి వాయించడం మానేసిందో, పెళ్ళై వెళ్ళిందో. ఆ తరువాత పాతికేళ్లు అది మూగగా ఉందన్నమాట. బేరం అక్కడ మొదలుపెట్టాం.

విశాఖ_తీరం:

లోపల కార్డు పెట్టడం మంచిదే కానీ దానితో ఒక చేదు అనుభవం ఉంది. నా పేరు, ఫోన్ నంబరు ఉన్న స్టిక్కరు అంటించి వచ్చేవాణ్ణి. మూడు ఇళ్ళలో దాన్ని చింపి, అదే చోట ఇంకొకరి స్టిక్కరు వేశారు. స్టిక్కరుతో పాటు దాని మీద నేను రాసిన మూడేళ్ల చరిత్ర కూడా చెత్తబుట్టలోకి పోయింది.

మద్రాసు_మెట్లు:

స్టిక్కరు వేరు, కార్డు వేరు. నంబరు ఉన్నది బయట ఇంటివారి చేతికి ఇవ్వండి. లోపలి కార్డు మీద పేరు వద్దు, పొడి అక్షరాలు, తేదీ, తేమ, శ్రుతి, చేసిన పని చాలు. పేరు లేని కార్డును ఎవరూ చింపరు. తరువాత వచ్చేవాడు మనవాడు కాకపోయినా వాద్యం మనం చూసిన వాద్యమే కదా.

అన్నట్టు, ఇంటివారి వివరాలు ఎవరైనా తీసేయమంటే తీసేయండి, 2023 నాటి డిజిటల్ సమాచార రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, అడిగినవాడి పేరు పుస్తకంలో పెట్టుకుని చేసేదేముంది? వాద్యం వరుస మాత్రం సీరియల్ నంబరు మీద ఉంచుకోండి.

నిర్వాహకులు:

సర్వీసుకు ఎంత తీసుకోవాలన్న రెండు వ్యాఖ్యలను ధరల విభాగానికి మార్చాం. ఇక్కడ పద్దు, గుర్తు చేయడం గురించే రాయగలరు.

బొల్లారం_శ్రుతి:

అయిదు నెలల తరువాత మళ్ళీ రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

సాఫ్ట్‌వేరు జోలికి వెళ్ళలేదు. డల్లాస్ గారు చెప్పిన పెట్టెను బోయిన్‌పల్లిలో ఒక వడ్రంగి చేత చేయించి, 12 అట్టలు పెట్టాను. మామయ్య పుస్తకాలు పదకొండూ నెలరోజులు కూర్చుని చదివితే, ఒకే ఇల్లు నాలుగు రకాల గుర్తులతో ఉన్నవి తీసేశాక 143 పియానోలు తేలాయి. చాలా వాటికి ల్యాండ్‌లైన్ నంబర్లే ఉన్నాయి. పాత నంబర్లు పట్టుకుని, దొరకని చోట నేరుగా వెళ్ళి తలుపు తట్టి, ఇప్పటికి 80 దాకా కనుక్కున్నాను. వాటిలో కొన్ని అమ్ముడుపోయాయి, రెండు చెదలు తిన్నాయి, ఒకదాని మీద అక్వేరియం ఉంది.

జులై మూడో వారం నుంచి రోజుకు అయిదు చొప్పున సందేశాలు రాశాను. సెంట్లు రాయాలా వద్దా అన్న తగువులో నేను విశాఖ గారి పక్షం, అంకెలు లోపలి కార్డులోనే రాస్తున్నాను. వద్దన్నవారు ఉన్నారు, పలకనివారు ఇంకా ఎక్కువ మంది ఉన్నారు, కానీ విసుక్కున్నవారు ఒక్కరే. నేను భయపడినంత ఏమీ జరగలేదు.

మారేడ్‌పల్లి వేప చెట్టు ఇంటికి ఫోన్ నంబరు లేక స్వయంగా వెళ్ళాను. ఆ వీధిలో వేప చెట్టు ఉన్న ఇల్లే లేదు. చివరికి ఒక ఇస్త్రీ బండి అతను చూపించాడు. తలుపు తీసిన పెద్దావిడకు మామయ్య పోయిన సంగతి తెలియదు. రెండేళ్లుగా ఆ నంబరుకు చేసి చేసి, ఆయనకు కోపం వచ్చిందేమో అనుకుని ఊరుకున్నారట. వేరే ఎవరినైనా పిలవవలసింది కదా అంటే, ఎవరిని పిలవాలో తెలిస్తే కదా బాబూ అన్నారు.

పియానో తెరిచి తేమ చూశాను, 66 శాతం. వర్షాకాలంలో కూడా 49వ మెట్టు 31 సెంట్లు దిగి ఉంది. ఒక్క విడతలో నిలవదని చెప్పి, మొదట అంతా పైకి లాగి, మళ్ళీ మొదటి నుంచి శ్రుతి చేశాను. మూడు గంటలు పట్టింది. తరువాత డల్లాస్ గారి మాట గుర్తొచ్చి మొదటి మెట్టు ఊడదీశాను. పక్క చెక్క మీద పెన్సిలుతో, మామయ్య చేతిరాతలో, పదిహేడు తేదీలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ప్రతి తేదీ పక్కన ఒక అంకె, కూడికో తీసివేతో గుర్తు ఉన్నాయి. ఆయన రాసుకోలేదని అనుకున్నది నేనే. పుస్తకంలో ఇల్లు, మెట్టు మీద పియానో, దేనికి దాని చోటు పెట్టుకున్నారు. పదిహేడింటినీ కార్డు మీదికి ఎక్కించి, పద్దెనిమిదోదిగా ఆ రోజు తేదీ, మైనస్ 31 రాసి మెట్టు మళ్ళీ బిగించాను.

అంత దిగినదాన్ని ఎక్కించాను కాబట్టి ఆరు వారాలకు ఒకసారి చూడాలని చెప్పి, కార్డును సెప్టెంబరు అట్ట వెనక పెట్టాను. మామయ్య పుస్తకంలో ఆ పేజీ దగ్గర 'వేప చెట్టు' కొట్టేసి, 'ఇస్త్రీ బండి ఎదురు, మూడో ఇల్లు' అని రాశాను. కుక్క కూడా ఇప్పుడు లేదు, కానీ ఆ మాట కొట్టేయలేదు.